సొరకు ఎముక పోయిందా, అసలు రాలేదా?

"భూమి మీద చెట్లు మొలవక ముందే సముద్రంలో సొరచేపలున్నాయి." నోరు తెరిచిన సొర బొమ్మతో ఈ వాక్యం ఏడాదిలో రెండు మూడుసార్లయినా వాట్సాప్ గ్రూపులను చుట్టివస్తుంది. దాని వెనకే తోకలా మరో వాక్యం ఉంటుంది: "నలభై కోట్ల ఏళ్లుగా ఏమాత్రం మారని జీవి!" చదివినవాళ్లు ముచ్చటపడి ఇంకో పదిమందికి పంపుతారు. మొదటి వాక్యంలో సగం నిజముంది. రెండోదానిలో నిజం పాలు చాలా తక్కువ. చిక్కేమిటంటే, ఆ రెండో వాక్యం వాట్సాప్‌లో పుట్టింది కాదు. మన జీవశాస్త్ర పాఠాల్లోంచే వచ్చింది.

ముందు చెట్ల సంగతి. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని కైరో అనే ఊరి దగ్గర పాత రాతి గనిలో బయటపడిన చెట్ల వేళ్ల ముద్రలు సుమారు 38.5 కోట్ల సంవత్సరాల నాటివి. ఇప్పటివరకు తెలిసిన అతి పాత అడవుల్లో అదొకటి. సొరల వంశానికి చెందినవని చెప్పదగిన పళ్లు అంతకంటే అయిదు కోట్ల ఏళ్ల ముందు రాళ్లలోనే ఉన్నాయి. కొలరాడోలోని హార్డింగ్ ఇసుకరాయిలో దొరికిన సూక్ష్మమైన పొలుసులైతే సుమారు 45 కోట్ల ఏళ్ల నాటివి. అవి సొర పొలుసులను పోలి ఉన్నాయని 1996లో ప్రకటించారు. అయితే ఆ పొలుసులు మోసిన జీవికి పళ్లున్నాయో లేదో, అసలు దవడలున్నాయో లేదో తెలియదు. దాన్ని ఫోన్‌లో కనిపించే తెల్ల సొరతో కలిపి ఒకే పేరున పిలవడం, ముత్తాతల ముత్తాతను మనవడి పేరుతో పిలవడం లాంటిది. నేటి సముద్రాల్లో తిరిగే సొరల కుటుంబాలు మనం గుర్తుపట్టగల రూపంలో కనిపించేది ఎక్కువగా జురాసిక్ యుగం నుంచే. అప్పటికి చెట్లు పుట్టి ఇరవై కోట్ల ఏళ్లకు దగ్గరైంది.

ఇక "మారని జీవి" అన్న మాట. దీన్ని అంత తేలికగా వదిలేయడానికి వీల్లేదు.

పాఠంలో మెట్ల వరుస

పదకొండో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో జంతు రాజ్యం అధ్యాయం తెరిస్తే సకశేరుకాలు ఒక వరుసలో వస్తాయి. దవడల్లేని చేపలు, ఆ తర్వాత మృదులాస్థి చేపలు, ఆ తర్వాత అస్థి చేపలు, ఉభయచరాలు, సరీసృపాలు, పక్షులు, చివర క్షీరదాలు. పుస్తకం ఎక్కడా ఇది నిచ్చెన అని రాయలేదు. కాని చదివే పిల్లలకు అది నిచ్చెనలాగే కనిపిస్తుంది. పరీక్షకు గుర్తుపెట్టుకునేదీ ఆ వరుసలోనే. సొర కింది మెట్టు, బొచ్చె పై మెట్టు, మనిషి అటక మీద. డిగ్రీ జంతుశాస్త్రం చదివిన పాత తరాలు ప్రయోగశాలలో స్కోలియోడాన్ అనే చిన్న సొరను కోసి, "ఆదిమ లక్షణాలు" అనే శీర్షిక కింద దాని మృదులాస్థి అస్థిపంజరాన్ని రాసుకున్నాయి. ఆ నోట్సు తరం నుంచి తరానికి నడిచింది.

ఈ వాదన వెనక తర్కం లేకపోలేదు. కోడిపిల్లలోనైనా మనిషి శిశువులోనైనా చేతులు కాళ్ల ఎముకలు మొదట మృదులాస్థిగా ఏర్పడి, ఆ తర్వాతే ఎముకగా మారతాయి. పెరుగుదలలో ముందొచ్చేది పరిణామంలోనూ ముందొచ్చి ఉంటుందని 19వ శతాబ్దపు శాస్త్రజ్ఞులు చాలామంది నమ్మారు. జర్మనీకి చెందిన కార్ల్ గెగెన్‌బౌర్ వంటి శరీరనిర్మాణ శాస్త్రజ్ఞులు సొర దేహాన్నే సకశేరుకాల మూల నమూనాగా పెట్టుకుని, మిగతావాటిని దాంతో పోల్చారు. ఒళ్లంతా మృదులాస్థే ఉన్న సొర, ఎముక ఇంకా కనిపెట్టని కాలపు మిగులు అన్నమాట.

మన కోస్తా వంటింటికి ఈ లక్షణం ఎప్పటినుంచో తెలుసు. సొరను ఉడికించి, తోలు గీకి, చేత్తో నలిపితే కండంతా పొడిపొడిగా విడిపోతుంది. ఒక్క ముల్లు గుచ్చుకోదు. సొర పిట్టు వండడం అంత సులువు అందుకే. బాలింతలకూ పిల్లలకూ భయం లేకుండా పెట్టగల చేప అది. వంటింటి పరిశీలన సరైనదే. సొరకు ముల్లు లేదు. ఎందుకు లేదన్నదే ప్రశ్న. ఎన్నడూ లేకనా, ఉన్నది పోయా?

ఈ ప్రశ్నకు శిలాజాలు చెబుతున్న జవాబు పాఠం చెప్పేదానికి దాదాపు తలకిందులు.

పళ్లు మాత్రమే మిగిలే వంశం

సొర శిలాజాలను చదవడం ఎందుకు కష్టమో ముందు చూడాలి. చచ్చిన సొర దేహంలో మృదులాస్థి త్వరగా కుళ్లిపోతుంది. దాని పైపొరలో సున్నపు ఖనిజంతో గట్టిపడిన చిన్న చిన్న పలకలు, గచ్చు మీద పరిచిన పెంకుల్లా, ఒకదాని పక్కన ఒకటి ఉంటాయి. కండ పోగానే అవీ చెల్లాచెదురవుతాయి. మిగిలేది పళ్లు, పొలుసులు, రెక్కల ముళ్లు. పళ్లకైతే లెక్కే లేదు. దవడ లోపలి అంచున వరుసలు వరుసలుగా తయారవుతూ, ముందువి ఊడిపోతూ ఉంటాయి. ఒక సొర తన జీవితకాలంలో వేల పళ్లు రాల్చగలదు. భూగర్భశాస్త్రం పుట్టుకలోనే ఒక సొర పన్ను ఉంది. 1666లో ఇటలీలోని లివోర్నో తీరంలో పట్టిన పెద్ద సొర తలను ఫ్లోరెన్సులో ఉన్న నికొలాస్ స్టెనో చేతికిచ్చారు. దాని నోట్లోని పళ్లూ, రాళ్లలో దొరికే 'నాలుక రాళ్లూ' ఒకటేనని అతను మరుసటి ఏడు ప్రకటించాడు. రాతి పొరలు ఒకదాని మీద ఒకటి ఎలా పేరుకుంటాయన్న ఆలోచనకు అతన్ని నడిపించిన దారి అక్కడ మొదలైంది.

పన్ను చూసి పులిని పోల్చవచ్చు. కాని పన్ను ఒక్కటే చూసి, నలభై కోట్ల ఏళ్ల నాటి జీవి దేహమంతా ఊహించడం వేరే సంగతి. ఒహాయోలోని క్లీవ్‌లాండ్ నల్లని పొరరాళ్లలో 19వ శతాబ్దం చివర క్లాడోసెలాకీ అనే సొర శిలాజాలు బయటపడ్డప్పుడు శాస్త్రలోకం సంబరపడటానికి కారణం అదే. సుమారు 36 కోట్ల ఏళ్ల నాటి ఆ శిలాజాల్లో దేహపు ఆకారం, రెక్కలు, కొన్నింటిలో కండరాల జాడలు, కడుపులో మింగిన చేపలు కూడా నిలిచి ఉన్నాయి. చూడటానికి సొరలాగే ఉంది. దాంతో తొలి సొర ఇలాగే ఉండేదన్న నమ్మకం ఇంకా గట్టిపడింది. పుస్తకాల బొమ్మల్లో క్లాడోసెలాకీ సొరలన్నిటికీ తాత స్థానంలో కూర్చుంది.

1942లోనే అమెరికా శాస్త్రజ్ఞుడు ఆల్ఫ్రెడ్ రోమర్ దీనికి ఎదురు చెప్పాడు. దవడల్లేని పాత చేపలకు ఒంటి నిండా ఎముక కవచాలుండేవి. సొరల కంటే ముందు కాలపు రాళ్లలోనే అవి దొరుకుతున్నాయి. కాబట్టి ఎముక పాతదే. శిశువులో మృదులాస్థి ముందు రావడానికి కారణం వేరు. ఎముక పైపైన పొరలు పేర్చుకుంటూ తప్ప పెరగలేదు, మృదులాస్థి లోపలినుంచి ఉబ్బుతూ పెరగగలదు. ఎదిగే శిశువుకు కావలసిన సౌకర్యం అది. సొర ఆ శైశవ దశను జీవితాంతం నిలుపుకుంది, అంతే. వాదన బాగుంది. చూపించడానికి సొర వైపు నుంచి శిలాజం మాత్రం అప్పటికి లేదు.

వచ్చిన సాక్ష్యాలు

ఆ లోటు తీరడం మొదలైంది గత పాతికేళ్లలోనే. కెనడాలోని న్యూ బ్రన్స్‌విక్‌లో 1892లోనే కొన్ని వింత పళ్లకు పేరు పెట్టారు. అవి ఏ చేపవో నూరేళ్లకు పైగా తేలలేదు. 1997లో అదే ప్రాంతంలో ఆ పళ్లు దవడలో అమరి ఉన్న చేప దొరికింది. రాండల్ మిల్లర్ బృందం 2003లో దాన్ని 'నేచర్' పత్రికలో వర్ణించింది. పేరు డోలియోడస్, వయసు సుమారు 40 కోట్ల ఏళ్లు. దాని భుజపు రెక్కల ముందు పెద్ద ముళ్లున్నాయి. ఇప్పటి ఏ సొరకూ ఆ చోట ముళ్లు లేవు. అవి ఉండేది అకాంతోడియన్లు అనే అంతరించిన చేపలకు. ఒంటి నిండా ముళ్లతో చిన్నగా ఉండే ఆ చేపలను ఎక్కడ చేర్చాలో తెలియక పుస్తకాలు ఒక మూల వేరే పెట్టెలో పెట్టాయి. తల సొరది, ముళ్లు అకాంతోడియన్‌వి అయిన డోలియోడస్‌తో ఆ పెట్టె గోడ కూలింది. అకాంతోడియన్లు సొరల వంశవృక్షపు మొదట్లోని కొమ్మలేనన్నది ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే మాట.

ఆ తర్వాతి సాక్ష్యాలు చైనా నుంచి వచ్చాయి. 2013లో ప్రకటించిన, యున్నాన్ రాష్ట్రంలో దొరికిన ఎంటెలోగ్నాథస్ అనే చేపకు ఎముక పలకల కవచం ఉంది, దవడ అంచున మనకున్నట్లు ఎముకలూ ఉన్నాయి. సుమారు 41.9 కోట్ల ఏళ్ల నాటి జీవి అది. 2022 సెప్టెంబరులో బీజింగ్‌కు చెందిన ఝు మిన్ బృందం ఒకే సంచికలో వరుస వ్యాసాలు వేసింది. వాటిలో గ్విఝౌ రాష్ట్రపు రాళ్లలో దొరికిన కియానోడస్ పళ్లు 43.9 కోట్ల ఏళ్ల నాటివి. అంతకుముందు తెలిసిన అతి పాత పళ్ల కంటే సుమారు 1.4 కోట్ల ఏళ్లు వెనక్కి. పన్ను కొలత మిల్లీమీటర్లలో. చోంగ్‌చింగ్‌లో దొరికిన షెనకాంథస్ మరీ ఆశ్చర్యం. వేలెడు కూడా లేని ఈ చేప సొరల వంశానిదే, కాని భుజాల చుట్టూ పెద్ద పలకల కవచం తొడుక్కుంది. కవచం వేసుకున్న సొర! గెగెన్‌బౌర్ శిష్యులకు చూపిస్తే నమ్మేవారు కాదు.

పై కవచం సంగతి అలా తేలింది. లోపలి అస్థిపంజరం సంగతి? దానికి మంగోలియా నుంచి ఒక ముక్క వచ్చింది. సుమారు 41 కోట్ల ఏళ్ల నాటి కవచ చేప తల అది. లండన్‌లోని ఇంపీరియల్ కళాశాలకు చెందిన మార్టిన్ బ్రేజో బృందం దాన్ని సీటీ స్కాన్ చేసి 2020లో ఫలితం ప్రకటించింది. మింజీనియా అని పేరు పెట్టిన ఆ చేప పుర్రె లోపల స్పంజిలాంటి అల్లికతో ఎముక ఉంది. మృదులాస్థి స్థానంలో లోపలినుంచి ఏర్పడే ఈ రకం ఎముక అస్థి చేపలకూ వాటి సంతతికీ, అంటే మనకూ, మాత్రమే సొంతమని అప్పటిదాకా పాఠం. సొరలూ అస్థి చేపలూ విడిపోక ముందటి కొమ్మ మీద అది కనిపించిందంటే, సొరల పూర్వీకులకూ అది ఉండి, తర్వాత పోయి ఉండవచ్చు.

ఇక్కడ ఎదుటిపక్షం మాట కూడా వినాలి. మింజీనియా ఒక్క జాతి. ఆ ఎముక దానిలో విడిగా పుట్టి ఉండవచ్చన్న వాదనను కొట్టిపారేయలేం. 2014లో సింగపూర్‌లో పనిచేస్తున్న బైరప్ప వెంకటేశ్ బృందం, సొరలకు దూరపు బంధువైన ఏనుగు సొర జన్యుపటాన్ని ప్రకటించింది. అస్థి చేపల్లో ఎముక ఖనిజీకరణకు తోడ్పడే ఒక జన్యు కుటుంబం దానిలో లేదు. ఆ జన్యువులు రాకపోవడమే మృదులాస్థి చేపలకు ఎముక లేకపోవడానికి కారణమని ఆ బృందం భావించింది. పైగా వెన్నెముక గల జీవులన్నిటిలో అతి నెమ్మదిగా మారుతున్న జన్యుపటం అదేనని తేల్చింది. "మారని జీవి" వాదులకు ఇంతకంటే మంచి ఆయుధం దొరకదు.

అయినా ఆ ఆయుధం అంత దూరం పోదు. జన్యుపటంలో అక్షరాలు నెమ్మదిగా మారడం ఒకటి, దేహం మారకపోవడం మరొకటి. కవచం వదిలేసిన వంశాన్ని, భుజపు ముళ్లు వదిలేసిన వంశాన్ని మారలేదని ఎలా అంటాం? లోపలి ఎముక విషయంలో తుది తీర్పు రాకపోయినా, పై ఎముక విషయంలో తీర్పు వచ్చేసినట్లే. సొర ఎముక ఎరగని జీవి కాదు. ఎముకల కవచాల లోకం నుంచి వచ్చి, బరువు దించుకున్న జీవి. మెట్ల వరుసలో దాన్ని మన కింద పెట్టడానికి ఆధారం లేదు. రెండు వంశాలూ ఒకే తల్లివేరు నుంచి విడిపోయి, ఒకే కాలం పాటు, ఎవరి దారిన వారు మారుతూ వచ్చాయి.

దాగలి మోసిన సొర, రంపపు చుట్ట

మారలేదన్న మాటకు ఇంకా సూటి జవాబు మోంటానాలో ఉంది. అక్కడి బేర్ గల్చ్ సున్నపురాయిలో, సుమారు 32 కోట్ల ఏళ్ల నాటి ఒక అఖాతం అడుగు పొరలు పొరలుగా నిలిచింది. వందకు పైగా చేప జాతులు దొరికాయి. వాటిలో సొరల బంధువులు ఎన్నో. స్టెథకాంథస్ మగ చేప వీపు మీద కమ్మరి దాగలి లాంటి దిమ్మె ఉండేది, దాని పైభాగం నిండా గరుకు ముళ్లు. అది దేనికో ఇప్పటికీ వాదన తెగలేదు. ఫాల్కాటస్ అనే చిన్న సొరలో మగదానికి మాత్రం తల మీద ముందుకు వంగిన కొక్కెం ఉండేది. ఒక రాతి పలక మీద ఆడ ఫాల్కాటస్ మగదాని కొక్కేన్ని నోట కరుచుకున్న స్థితిలో రెండూ కలిసి శిలాజమయ్యాయి. జతకట్టే వేళ చచ్చిపోయాయని రిచర్డ్ లండ్ వ్యాఖ్యానించాడు.

హెలికోప్రియాన్ కథ వేరే. 1899లో రష్యా భూవిజ్ఞాని అలెగ్జాండర్ కార్పిన్‌స్కీ యురల్ ప్రాంతపు శిలాజం ఒకటి వర్ణించాడు. జంతికలా చుట్టుకున్న పళ్ల వరుస, అంతే. మిగతా దేహం ఏమీ లేదు. ఆ చుట్ట ఎక్కడుండేదో తెలియక ముక్కు మీదా, వీపు మీదా, తోక చివరా పెట్టి బొమ్మలు గీశారు. నూరేళ్లకు పైగా ఆ చుట్ట చేప దేహమంతా తిరిగింది. 2013లో ఐడహోలోని శిలాజాన్ని సీటీ స్కాన్ చేసినప్పుడు, రాతి లోపల దవడల మృదులాస్థి కనిపించింది. చుట్ట కింది దవడ మధ్యలో, రంపపు చక్రంలా నిలబడి ఉంది. దవడల అమరికను బట్టి ఆ జీవి సొరల కంటే కైమీరాలనే బంధువులకు దగ్గర. ఇలాంటి ప్రయోగాలన్నీ చేసిన వంశానికి 'మార్పు ఎరగనిది' అని పేరు పెట్టడం అన్యాయమే.

గోదావరి లోయలో సొరలు

ఇంతవరకు చెప్పిన ఊళ్లన్నీ దూరపువి. నిజానికి పాత ఆదిలాబాద్ జిల్లాలోనూ సొరలు తిరిగాయి, అదీ మంచినీటిలో. ప్రాణహిత–గోదావరి లోయలోని మలేరి ఎర్రమట్టి రాళ్లు ట్రయాసిక్ యుగం చివరి భాగానివి, ఇరవై కోట్ల ఏళ్లకు పైబడినవి. కోల్‌కతాలోని భారత గణాంక సంస్థకు చెందిన ఎస్.ఎల్. జైన్ 1980లో ఆ రాళ్ల నుంచి జెనకాంథ్ అనే రకం సొర అవశేషాలను వర్ణించారు. జెనకాంథ్ పన్ను చూడగానే తెలిసిపోతుంది: రెండు పొడుగు కొనలు, కొమ్ముల జతలా. బొమ్మిడాయిలా సాగిన దేహం, వీపు పొడవునా రెక్క, నదులూ చెరువులే ఇల్లు. ట్రయాసిక్ ముగిసేసరికి ఆ వంశం ముగిసింది. 2018లో ఖరగ్‌పూర్ ఐఐటీకి చెందిన సంఘమిత్ర రే బృందం మధ్యప్రదేశ్‌లోని టికి రాళ్ల నుంచి, దాదాపు అదే కాలపు మంచినీటి సొరల పళ్ల సముదాయాన్ని ప్రకటించింది. 2021లో రాజస్థాన్‌లోని జైసల్మేర్ నుంచి స్ట్రోఫోడస్ అనే, నలిపి తినే పళ్లున్న సొర కొత్త జాతి వచ్చింది. దాని వయసు 16 నుంచి 16.8 కోట్ల ఏళ్లు. ఆ ప్రజాతి భారత ఉపఖండంలో దొరకడం అదే మొదటిసారి.

మలేరికి పైన ఉన్న కోట రాళ్లది జురాసిక్ యుగం. ఇక్కడ ఒక పోలిక చెప్పుకోవాలి. హైదరాబాద్‌లోని బిర్లా సైన్స్ సెంటర్‌కు వెళ్లినవారందరికీ కోటసారస్ అస్థిపంజరం గుర్తుంటుంది. ఆ డైనోసార్‌ను 1988లో వర్ణించినవారు భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థలో పనిచేసిన పి. యాదగిరి. అంతకు రెండేళ్ల ముందు, 1986లో, అదే కోట రాళ్ల నుంచి ఆయనే హైబోడాంట్ అనే రకం సొర పళ్లను వర్ణించి, ఆ జాతికి 'ఇండికస్' అని పేరు పెట్టారు. ఒకే మనిషి, ఒకే లోయ. డైనోసార్ ముందు పిల్లలు ఫొటోలు దిగుతారు. సొర పన్ను సంగతి ఆ రంగంలోని కొద్దిమందికి తప్ప తెలియదు. పిల్లలను తప్పుపట్టే పని లేదు. అంతెత్తు జంతువు ముందు ఆవగింజంత పన్ను ఎవరికి కనిపిస్తుంది? కాని అదే హాల్లో, అదే జంతువు కాళ్ల దగ్గర, ఒక భూతద్దం కింద ఆ కాలపు నీటిలోని సొర పన్ను కూడా పెడితే అయ్యే ఖర్చు ఎంత? కోటసారస్ నీళ్లు తాగిన లోయలోని సొర అది.

చిన్న శిలాజాల పట్ల ఈ చిన్నచూపు మ్యూజియంతో ఆగదు. పెద్ద ఎముక నేల మీద తేలితే పశువుల కాపరికైనా కనిపిస్తుంది. సొర పన్ను అలా దొరకదు. గోనె సంచుల్లో మట్టి నింపి, నీళ్లలో నానబెట్టి, సన్నని జల్లెళ్లలో కడిగి, మిగిలిన గరుకును ఆరబెట్టి, సూక్ష్మదర్శిని కింద గింజ గింజగా ఏరాలి. బియ్యంలో రాళ్లు ఏరడం లాంటి పనే, కాకపోతే ఇక్కడ రాళ్లు పారేసి ఒక్క గింజ దాచుకోవాలి. నెలల తరబడి ఏరినా పిడికెడు పళ్లు రావచ్చు, రాకపోవచ్చు. చైనాలో కియానోడస్ కూడా ఇలా రాళ్లు కరిగించి, ఏరగా దొరికిందే. రెండు మూడేళ్ల ప్రాజెక్టుకు ఫలితం చూపాల్సిన మన పరిశోధక విద్యార్థి ఈ పని ఎంచుకోవడానికి జంకితే ఆశ్చర్యం లేదు.

ఇక చట్టం. పురావస్తువుల కోసం 1972 చట్టముంది, కాని అది ప్రధానంగా మనిషి చేసిన వస్తువులను దృష్టిలో పెట్టుకున్నది. భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ కొన్ని చోట్లను జాతీయ భూవిజ్ఞాన స్మారకాలుగా ప్రకటించింది. ఆ ప్రకటనకు చట్టపరమైన కోరలు తక్కువ. 2022 డిసెంబరులో కేంద్ర గనుల శాఖ భూవారసత్వ స్థలాల రక్షణకు ముసాయిదా బిల్లు తెచ్చి, ప్రజాభిప్రాయం కోరింది. అధికారమంతా ఒకే సంస్థ చేతికి పోతుందని కొందరు శాస్త్రజ్ఞులు అభ్యంతరం చెప్పారు. ఆ భయం ఊరికే వచ్చింది కాదు. కంచె వేసి, బోర్డు పెట్టి కాపాడే పద్ధతి చెట్టు మానులకూ డైనోసార్ గుడ్లకూ సరిపోతుంది. సూక్ష్మ శిలాజాలున్న మట్టికి సరిపోదు. అక్కడ కాపాడవలసింది ఒక వస్తువును కాదు, ఒక పొరను. అది మైళ్ల పొడవున పొలాల కింద, వాగుల గట్ల మీద, రోడ్డు కోతల్లో కనిపిస్తూ మాయమవుతూ ఉంటుంది. పది సంచుల మట్టి తెచ్చుకోవడానికి పరిశోధకులు ఢిల్లీ దాకా అనుమతుల కోసం తిరిగే పరిస్థితి వస్తే, ఆ పొర చదును చేసే యంత్రం పాలవుతుంది గాని జల్లెడ పాలు కాదు. బిల్లు ఏ రూపం తీసుకున్నా సూక్ష్మ శిలాజాలకు వేరే నిబంధన కావాలి. మట్టి తీసుకోవడం సులువుగా ఉండాలి, దొరికినదాన్ని నమోదు చేసి అందరికీ అందుబాటులో ఉన్న భాండాగారంలో జమ చేయడం మాత్రం తప్పనిసరి కావాలి. ఒక ఆచార్యుడు విరమణ పొందినప్పుడు ఆయన బీరువాతో పాటు నమూనాలు కనపడకుండా పోయే అలవాటు అప్పుడే తగ్గుతుంది.

పాఠ్యపుస్తకానికైతే పార్లమెంటు అక్కర్లేదు. అధ్యాయంలో రెండు పేరాలు మారితే చాలు. మృదులాస్థి చేపలు, అస్థి చేపలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చిన మెట్లు కావని, ఒకే తల్లివేరు నుంచి చీలిన రెండు కొమ్మలని ఒక బొమ్మ వేయవచ్చు. పక్కన కవచం తొడుక్కున్న షెనకాంథస్ బొమ్మ ఒకటి. తెలుగు పుస్తకంలోనైతే మలేరి పేరు కూడా చేర్చవచ్చు. ఆసిఫాబాద్ పిల్లవాడు సొర అంటే విశాఖ చేపల రేవులో మాత్రమే ఉండేదనుకుంటాడు, తన ఊరి వాగు గట్టులో దాని పళ్లుండవచ్చని అతనికెవరూ చెప్పలేదు.

మలేరి, కోట పళ్లు అడగగల ప్రశ్నలు ఇంకా చాలా మిగిలాయి. ఆ సొరలు పుట్టుక నుంచి చావు దాకా నదిలోనే బతికాయా, లేక కొన్ని రకాలు సముద్రం నుంచి ఎగువకు ఈది వచ్చి, గుడ్లు పెట్టి తిరిగి వెళ్లాయా? పంటి పైపొరలోని ఆక్సిజన్ ఐసోటోపుల నిష్పత్తిలో ఆ నీటి జాడ ఉంటుంది. యూరప్ హైబోడాంట్ల పళ్ల మీద ఈ పరీక్ష చేశారు. కాని పరీక్షకు పంటి పొరను గీకి పొడి చేయాలి, ఆవగింజంత పన్నయితే అందులో సగం పోతుంది. ఒక పెట్టెలో నాలుగే పళ్లున్నప్పుడు ఏ పరిశోధకుడికీ ఆ పనికి చేతులు రావు. నలభై ఉంటే వస్తాయి. మిగతా ముప్పై ఆరు పళ్లు ఇంకా ఆ ఎర్రమట్టిలోనే ఉన్నాయి.